చిన్నపిల్లల కరాటే క్లాసు: చేర్చే ముందు ఒక గంట కూర్చుని చూడండి

ఏప్రిల్ నెలాఖరుకి బడులకి సెలవులిస్తారు. అప్పటికే విజయనగరం, శ్రీకాకుళం కూడళ్లలో కరాటే, తైక్వాండో, కుంగ్‌ఫూ వేసవి శిబిరాల ఫ్లెక్సీలు కనిపిస్తుంటాయి. నాలుగేళ్లు నిండితే చాలు, చేర్చుకుంటామనేవాళ్లూ ఉన్నారు. సెలవులయ్యాక కొందరు పిల్లలు మానేస్తారు, కొందరు సాయంత్రం బ్యాచుల్లో కొనసాగుతారు. కొన్ని ప్రైవేటు స్కూళ్లు కరాటే పీరియడ్ పెట్టి విడిగా ఫీజు తీసుకుంటున్నాయి.

చేర్చే తల్లిదండ్రుల్లో ఎవరి కారణం వాళ్లది. పిల్లాడు ఫోన్ వదలడం లేదు, కాస్త ఒళ్లు కదిలితే బాగుంటుంది. స్కూల్లో ఎవడో రోజూ కొడుతున్నాడు, ఎదురు నిలబడే ధైర్యం రావాలి. ఆడపిల్ల, తనని తాను కాపాడుకోవాలి. ఇంట్లో ఎవరి మాటా వినడు, మాస్టారంటే భయం ఉంటే దారిలో పడతాడు. వీటిలో మొదటి కోరిక తేలిగ్గానే తీరుతుంది. రెండోది కొంతవరకు తీరుతుంది. ఆత్మరక్షణ, క్రమశిక్షణ అనే చివరి రెండూ మాత్రం అయిదారేళ్ల వయసులో పెద్దవాళ్లు ఊహించుకున్నట్టు తీరవు. సరిగ్గా నేర్పని చోట ఆ రెండిటి పేరు మీదే పిల్లలకి హాని జరుగుతుంది.

మొదట అందరూ అడిగేది కరాటే మంచిదా, తైక్వాండో మంచిదా అని. ఒకినావా దీవుల్లో పెరిగిన కరాటేని ఫునాకోషి గిచిన్ 1922లో టోక్యోకి తీసుకెళ్లారు. అక్కడి నుంచి అది ప్రపంచమంతా పాకింది. అందులో గుద్దులు, అడ్డుకోవడాలు, నిలకడగా నిలబడే భంగిమలు ఎక్కువ. కొరియాలో పుట్టిన తైక్వాండోలో కాళ్లకే పని. జూడోలో గుద్దడం, తన్నడం ఉండవు. పట్టుకుని పడెయ్యడం, నేలమీద అదిమి ఉంచడం ఉంటాయి. పదేళ్లు దాటిన పిల్లలకి ఈ తేడాలు ముఖ్యమే. అయిదేళ్ల పిల్లకి ఏది నేర్పినా దాదాపు ఒకటే, ఎందుకంటే ఆ వయసులో నేర్చుకోగలిగేది అన్నిటికీ ఉమ్మడిగా ఉండే మొదటి పాఠాలే. తేడా తెచ్చేది నేర్పే తీరు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 1986లో మైకేల్ ట్రుల్సన్ అనే అమెరికన్ పరిశోధకుడు దుడుకు ప్రవర్తన ఉన్న 13 నుంచి 17 ఏళ్ల కుర్రాళ్లని మూడు గుంపులుగా చేసి ఆరు నెలలు గమనించారు. ఒక గుంపుకి తైక్వాండోని పాత పద్ధతిలో నేర్పారు: ధ్యానం, ఎదుటివాళ్లని గౌరవించడం, భంగిమల సాధన, ఆ తర్వాతే తలపడడం. రెండో గుంపుకి అదే తైక్వాండోలోంచి కొట్లాట మెలకువలు మాత్రమే నేర్పారు. మూడో గుంపు పరుగు, బాస్కెట్‌బాల్ లాంటి ఆటలు ఆడింది. మొదటి గుంపులో దుడుకుతనం తగ్గింది. రెండో గుంపులో పెరిగింది. అధ్యయనం చిన్నదే, అందులోని వాళ్లు మన అయిదేళ్ల పిల్లలూ కారు. కానీ విద్య ఒకటే అయినా ఫలితం రెండు దిక్కులకి పోయిందన్న సంగతి తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాలి. 2004లో లేక్స్, హోయ్ట్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ఒక బడిలో ప్రాథమిక తరగతుల పిల్లలకి మూడు నెలలు సంప్రదాయ తైక్వాండో నేర్పించి చూశారు. మామూలు పీటీ పీరియడ్‌కి వెళ్లిన పిల్లల కంటే వీళ్లలో తమని తాము అదుపు చేసుకునే గుణం ఎక్కువ మెరుగుపడింది. ఆ మరుసటి ఏడాది నార్వే నుంచి దీనికి ఎదురుగా ఒక ఫలితం వచ్చింది. బాక్సింగ్, కుస్తీ, కరాటే లాంటి బలప్రదర్శన ఆటల్లో ఉన్న మగపిల్లల్లో రెండేళ్లలో తగవులు, అల్లరి పనులు పెరిగాయని తేలింది. కరాటే నేర్పిస్తే పిల్లలు బుద్ధిమంతులవుతారన్న మాటని, పాడవుతారన్న మాటని కూడా ఈ మూడూ కలిసి కొట్టేస్తాయి. ఏ మాస్టారు, ఏ వాతావరణం అన్న ప్రశ్నే మిగులుతుంది.

అయిదారేళ్ల ఒంటికి దక్కేవి

మంచి క్లాసులో ఆరేళ్ల పిల్ల నేర్చుకునేవి చూడ్డానికి చాలా మామూలుగా ఉంటాయి. ఒంటికాలి మీద ఊగకుండా నిలబడడం. కుడి ఎడమలు తడబడకుండా చెప్పిన వైపు తిరగడం. తన వంతు వచ్చేదాకా ఆగడం. గట్టిగా ఊపిరి వదలడం. పక్కవాడు తప్పు చేస్తే నవ్వకపోవడం. వీటిలో ఏదీ వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టేంత గొప్పగా కనిపించదు. కానీ పదిహేనేళ్లకి ఆ పిల్ల కబడ్డీ ఆడినా, డ్యాన్స్ నేర్చుకున్నా, ఏ ఆటలో ఉన్నా ఇవే పనికొస్తాయి.

వీటన్నిటిలో విలువైనది పడడం నేర్చుకోవడం. జూడోలో పిల్లలకి మొదట నేర్పేది ఇదే. వెనక్కి పడేటప్పుడు గడ్డం గుండెకి ఆనించి తల నేలకి తగలకుండా చూసుకోవాలి, చేతిని చాచి దాని మీద బరువంతా వెయ్యకుండా అరచేయీ ముంజేయీ కలిపి నేలని చరచాలి, ముందుకి పడితే భుజం మీదుగా దొర్లాలి. చిన్నపిల్లల ఎముకలు ఎక్కువగా విరిగేది చాచిన చేతి మీద పడినప్పుడే, అందుకే ఈ పాఠం అంత ముఖ్యం. చెట్టెక్కినా, సైకిలు తొక్కినా, వానాకాలం బాత్రూంలో కాలు జారినా అక్కరకొస్తుంది. కరాటే మాస్టార్లలో కూడా దీన్ని నేర్పేవాళ్లున్నారు. అడిగి తెలుసుకోవాలి.

దీనికి కింద మ్యాట్ ఉండాలి. మన ఊళ్లలో చాలా క్లాసులు మేడ మీదో, కల్యాణ మండపంలోనో, స్కూలు వరండాలోనో గచ్చు మీద నడుస్తాయి. నిలబడి చేతులు, కాళ్లు ఆడించే సాధనకి గచ్చు పర్వాలేదు. దాని మీద దొర్లించడం, ఎగిరి తన్నించడం, పిడికిళ్ల మీద దండీలు తీయించడం మాత్రం ఎంత గొప్ప మాస్టారు చేయించినా తప్పే. పెరిగే పిల్లల ఎముకల చివర్లలో మెత్తటి పెరుగుదల పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఆడపిల్లల్లో సుమారు 14, 15 ఏళ్లకి, మగపిల్లల్లో ఇంకో రెండేళ్లు ఆలస్యంగా అది గట్టిపడుతుంది. అంతవరకు దాని మీద పదేపదే పడే దెబ్బ ఆ ఎముక ఎదుగుదలని పాడుచేయవచ్చు. పెంకులు పగలగొట్టించడం, చేతుల మీదుగా బైకులు పోనివ్వడం లాంటి ప్రదర్శనలకి స్టేజీ మీద చప్పట్లు పడతాయి. ఆ ప్రదర్శనల ఫోటోలు గోడ నిండా అంటించుకున్న చోటికి ఆరేళ్ల పిల్లని పంపకపోవడమే మంచిది.

ఇక తల సంగతి. చిన్నపిల్లలకి ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ కండరాలు బలహీనం. తగిలిన దెబ్బ చిన్నదైనా తల గట్టిగా ఊగుతుంది. తైక్వాండో పోటీలో నడుముపై భాగానికి తన్నితే రెండు పాయింట్లు, తలకి తన్నితే మూడు. కరాటే పోటీలోనూ తలకి చేరిన తన్నుకి అత్యధిక పాయింట్లు. గెలవాలనుకునే పిల్ల, గెలిపించాలనుకునే మాస్టారు సహజంగానే తలనే గురి చూస్తారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఈ విద్యల మీద ఇచ్చిన నివేదికలో హెల్మెట్ పెట్టాం కదా అని ధీమా పడొద్దని, అది తలలోపలి అదురుని ఆపుతుందనడానికి ఆధారం లేదని చెప్పింది. తలకి తన్నితే అదనపు పాయింట్లిచ్చే నియమాలనీ తప్పుపట్టింది.

జపాన్ అనుభవం ఇంకా బాధాకరమైనది. అక్కడి బడుల్లో 1983 నుంచి సుమారు మూడు దశాబ్దాల్లో జూడో సాధనలో వందమందికి పైగా విద్యార్థులు చనిపోయారు. ఎక్కువగా తలకి తగిలిన దెబ్బలతోనే. జూడో పుట్టిన దేశంలో ఇలా జరిగింది. విద్యలో లోపం ఉండి కాదు, సరిగ్గా పడడం రాని కొత్త పిల్లలని బలంగా పడేసినందువల్ల. ఆ దేశపు జూడో సమాఖ్య 2022లో ఇంకో అడుగు వేసింది. ప్రాథమిక పాఠశాల పిల్లలకి జరిపే జాతీయ వ్యక్తిగత పోటీలని ఎత్తేసింది. గెలుపు కోసం చిన్నపిల్లల చేత బరువు తగ్గించడం, తల్లిదండ్రులూ కోచ్‌లూ అంపైర్ల మీద అరవడం శ్రుతి మించాయని కారణం చెప్పింది. ఏడేళ్ల పిల్లాడి మెడలో పతకం వేసి ఫోటో దిగాలనుకునే ప్రతి ఇంట్లోనూ ఈ నిర్ణయం గురించి ఒకసారి మాట్లాడుకోవాలి.

బెల్టు ఎవరి కోసం

నడుముకి కట్టే రంగుల బెల్టు వేల ఏళ్ల ఆచారమని చాలామంది అనుకుంటారు. అది చాలా కొత్తది. జూడోని స్థాపించిన కానో జిగోరో 1880ల్లో తెలుపు, నలుపు అనే తేడా తెచ్చారు. మధ్యలో ఉండే పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం రంగులు 1920, 30ల్లో ఐరోపాలో జూడో నేర్పేటప్పుడు వాడుకలోకి వచ్చాయి. కరాటేలో మొదటి బ్లాక్ బెల్టులు 1924లో ఫునాకోషి ఇచ్చారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి తాము ముందుకు వెళ్తున్నామని కనిపించాలి కాబట్టి ఈ పద్ధతి నిలిచింది. చిన్నపిల్లల విషయంలో అది నిజంగా పనిచేస్తుంది కూడా. తెల్ల బెల్టు పోయి పసుపు బెల్టు వచ్చిన రోజు పిల్ల ముఖం చూస్తే చాలు, ఆ సంతోషాన్ని తక్కువ చేయకూడదు.

ఇబ్బంది డబ్బు దగ్గర మొదలవుతుంది. నెల ఫీజు తక్కువే అనిపిస్తుంది. దాని పైన డ్రెస్సు, సంఘం సభ్యత్వం, మూడు నాలుగు నెలలకోసారి బెల్ట్ టెస్ట్, దానికి సర్టిఫికెట్, టోర్నమెంట్ ఎంట్రీ ఫీజు, విశాఖకో ఇంకెక్కడికో ప్రయాణం. బ్లాక్ బెల్టుకి ముందు చాలా కరాటే శాఖల్లో ఎనిమిది నుంచి పది మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టుకి మూడు నెలలు వేసుకున్నా రెండు, రెండున్నరేళ్లు పడుతుంది. టెస్టు ఫీజే ప్రధాన ఆదాయమైన చోట ఎవరూ ఫెయిలవరు. అలాంటి చోట ఎనిమిదేళ్లకే నల్ల బెల్టు వస్తుంది, దాంతో పిల్లాడికి తనకి లేని బలం ఉందన్న భ్రమ కూడా వస్తుంది. తైక్వాండో ప్రధాన కేంద్రమైన కొరియాలోని కుక్కీవాన్ 15 ఏళ్లలోపు పిల్లలకి పూర్తి బ్లాక్ బెల్టు ఇవ్వదు. ఎరుపు, నలుపు కలిసిన బెల్టుతో 'పూమ్' అనే వేరే హోదా ఇస్తుంది. పిల్లల స్థాయి వేరని ఒప్పుకోవడం అది.

స్పోర్ట్స్ కోటా మీద ఆశతో చేర్చేవాళ్లూ ఉన్నారు. బెల్టు సర్టిఫికెట్ చూపిస్తే సీటూ రాదు, ఉద్యోగమూ రాదు. ప్రభుత్వ జాబితాలో ఉన్న క్రీడలో, గుర్తింపు ఉన్న సంఘం జరిపిన పోటీల్లో ఏ స్థాయిలో ఆడారన్నదే లెక్క. ఏదో హాల్లో వందలమంది పిల్లలు ఒకేసారి విన్యాసాలు చేస్తే ఇచ్చే 'వరల్డ్ రికార్డు' పత్రానికి ఆ లెక్కలో చోటు లేదు. తైక్వాండో 2000 నుంచి ఒలింపిక్ పతక క్రీడ. కరాటే టోక్యో క్రీడల్లో ఒక్కసారి కనిపించి 2024 పారిస్‌లో లేకుండా పోయింది. మన దేశంలో కరాటే సంఘాల మధ్య గుర్తింపు గొడవలు ఏళ్ల తరబడి సాగాయి. అందుకే మీ సంఘం ఏది, దానికి గుర్తింపు ఎవరిచ్చారు అని మొహమాటపడకుండా అడగాలి. నిజాయితీ ఉన్న మాస్టారికి ఆ ప్రశ్న కోపం తెప్పించదు.

పోటీల్లోకి ఎంత తొందరగా దింపితే అంత మంచిదన్న నమ్మకానికి ఈ రెండు జిల్లాల చరిత్రే సమాధానం. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆమె బరువులు ఎత్తడం మొదలుపెట్టింది పన్నెండేళ్ల వయసులో. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ చిన్న ఊరు. అక్కడి నుంచి ఎంతోమంది వెయిట్‌లిఫ్టర్లు వచ్చారు. 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచిన మత్స సంతోషిదీ ఆ ఊరే. నాలుగేళ్లకి క్యాంపులో చేర్చకపోతే పిల్ల వెనకబడిపోతుందేమోనని టెన్షన్ పడాల్సిన పని లేదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో కసరత్తు నేర్చి మల్లయోధుడైన కోడి రామ్మూర్తి నాయుడు నుంచి ఇప్పటిదాకా ఈ గడ్డ మీద దేహబలానికి గౌరవం ఉంది. పండగల్లో సాము గరిడీలు చూస్తూ పెరిగిన పిల్లలకి కర్ర పట్టాలన్న సరదా దానంతటదే పుడుతుంది. సరదాగా మొదలైన చోట తొందరపెట్టకుండా ఉంటే చాలు.

ఆత్మరక్షణ, విధేయత

అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించాల్సింది ఇక్కడే. ఇరవై కిలోల పిల్ల ఎంత గట్టిగా తన్నినా డెబ్భై కిలోల మనిషి ఆగడు. బరువు, చేతి పొడవు, బలం అనే మూడిటిలోనూ ఉన్న తేడాని ఏ విద్యా ఆ వయసులో పూడ్చలేదు. కరాటే వచ్చు కదా అని పిల్లని ఒంటరిగా పంపడం, పిల్ల కూడా పారిపోవాల్సిన చోట నిలబడి తలపడడం చాలా ప్రమాదం. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకి ఇచ్చే రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ కూడా ఆరో తరగతి నుంచే మొదలవుతుంది.

పిల్లల మీద లైంగిక దాడుల కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు తెలిసినవాడే అని జాతీయ నేర గణాంకాలు ఏటా చెప్తున్నాయి. బంధువు, పొరుగువాడు, చదువు చెప్పేవాడు, ఆట నేర్పేవాడు. అంటే చిన్నపిల్లకి కావాల్సిన రక్షణ ముఖం తెలియని దొంగని తన్నడం కాదు. తెలిసిన మనిషి చేసే తప్పుడు పనికి 'వద్దు' అనడం, గట్టిగా అరవడం, పరుగెత్తడం, ఇంటికొచ్చి చెప్పడం. ఇప్పుడు ఒక క్లాసుని ఊహించండి. మాస్టారు ఏం చెప్పినా ఎదురు ప్రశ్న ఉండకూడదు. నొప్పి అనకూడదు. ఇక్కడ జరిగింది ఇంట్లో చెప్పకూడదు. ఆలస్యంగా వస్తే వంద గుంజీలు, తప్పు చేస్తే కర్ర దెబ్బ. దీన్ని చాలామంది తల్లిదండ్రులు క్రమశిక్షణ అనుకుని మెచ్చుకుంటారు. నిజానికి ఆ క్లాసు ఆ పిల్లలో 'వద్దు' అనే శక్తినే నొక్కేస్తోంది. ఆత్మరక్షణకి అంతకంటే పెద్ద దెబ్బ లేదు.

మంచి మాస్టారు దీనికి పూర్తిగా వేరుగా ఉంటారు. నొప్పి పుడితే చెయ్యెత్తమని మొదటి రోజే చెప్తారు. చెయ్యెత్తిన పిల్లని వెక్కిరించరు. పిల్ల కాలో నడుమో సరిచేయాలంటే ముందు తను చేసి చూపిస్తారు, తప్పనిసరైతే అందరి ముందూ, అడిగి మరీ ముట్టుకుంటారు. విడిగా గదిలో ఒక్క పిల్లతో సాధన పెట్టరు. తల్లిదండ్రులు కూర్చుని చూస్తామంటే అడ్డు చెప్పరు. ఏదైనా అనుమానం వస్తే 1098 పిల్లల హెల్ప్‌లైన్ రోజంతా పనిచేస్తుంది. 2012 పోక్సో చట్టం 18 ఏళ్లలోపు అందరికీ వర్తిస్తుంది, ఆడపిల్లలతో సమానంగా మగపిల్లలకీ.

ఆ ఒక గంటలో చూడాల్సినవి

చేర్చే ముందు ఒక పూర్తి క్లాసు కూర్చుని చూస్తే ఫ్లెక్సీలు, సర్టిఫికెట్లు చెప్పనివి చాలా తెలుస్తాయి. ముందు వరసలో బాగా చేసే పిల్లల మీద కాకుండా చివరి వరసలో తడబడుతున్న పిల్లాడి మీద కన్నేసి ఉంచండి. మాస్టారు వాడి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లారు, ఏ గొంతుతో మాట్లాడారు? అయిదేళ్లవాళ్లూ పన్నెండేళ్లవాళ్లూ ఒకే వరసలో ఉన్నారా? ఒకరితో ఒకరిని తలపడనిస్తున్నారా, ఇస్తే ఎవరిని ఎవరితో జతకట్టారు? ఏడ్చిన పిల్లని ఏం చేశారు? మధ్యలో మంచినీళ్లకి ఆపారా? నీళ్లు తాగితే శిక్షణ చెడుతుందన్న పాత నమ్మకం ఇంకా అక్కడక్కడా ఉంది, మన తీరపు మే నెల ఉక్కపోతలో అది ప్రాణం మీదకి తెస్తుంది. వేసవి క్లాసు పొద్దున్న ఏడున్నరకల్లా ముగిసేలా ఉండాలి. ఖాళీ కడుపుతో పంపకూడదు, కడుపునిండా టిఫిను పెట్టి వెంటనే పంపకూడదు. అరగంట ముందు ఒక అరటిపండో, పలచగా కాచిన చోడి అంబలో చాలు. ఉబ్బసం, మూర్ఛ లాంటివి ఉంటే దాచకుండా మాస్టారికి చెప్పాలి, ముందు డాక్టరుని అడగాలి.

ఇంకో మాట. వారానికి మూడు గంటల క్లాసుతో పిల్లకి కావాల్సిన కదలిక పూర్తవదు. అయిదు నుంచి పదిహేడేళ్ల వాళ్లు రోజూ సగటున గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. క్లాసు ఉంది కదా అని వీధిలో ఆటని, సైకిలుని కోసేయకూడదు.

ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు. ఆ వయసు పిల్లకి నెలనెలా కట్టడమే మేలు, ఎందుకంటే కట్టిన డబ్బు కోసం ఇష్టంలేని పిల్లని లాక్కెళ్లాల్సిన అవసరం రాదు. వెళ్లనని మొండికేస్తే వెంటనే కారణం తేలదు, రెండు మూడు రోజులు మెల్లగా మాట్లాడి కనుక్కోవాలి. విసుగైతే ఒక నెల ఆపి చూడొచ్చు, చాలామంది వాళ్లంతట వాళ్లే మళ్లీ అడుగుతారు. ఒళ్లు నొప్పులు రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, ఒకే కీలు పదేపదే నొస్తున్నా, తలకి దెబ్బ తగిలాక వాంతి, మత్తు, తలనొప్పి ఉన్నా క్లాసు ఆపి డాక్టరుకి చూపించాలి. ఫలానా మనిషి ఉన్న రోజే వెళ్లనంటుంటే ఆ రోజు నుంచే మాన్పించాలి, కారణం తర్వాత కనుక్కోవచ్చు.